తౌడుకు అమ్మిన పిల్లవాడు

మా ఆయన తన కన్నతల్లిని "అక్కా" అని పిలుస్తాడు. పెళ్ళయి సూరత్ డిండోలిలోని ఆ రెండు గదుల ఇంటికి వచ్చిన రోజు ఆ పిలుపు విని, ఎవరో ఆడబిడ్డ ఉంది కాబోలు, నాకెవరూ చెప్పలేదే అనుకుంటూ వంటింట్లోకి తొంగి చూశాను. అక్కడ మా అత్తమ్మ ఒక్కతే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది.

సంగతి తర్వాత తెలిసింది. ఆయనకంటే ముందు అత్తమ్మకు పుట్టిన ఇద్దరు పిల్లలు ఉయ్యాలలోనే పోయారు. మూడోసారి మగపిల్లాడు పుట్టగానే ఊళ్ళో పెద్దవాళ్ళు వాణ్ణి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పక్కింటావిడ వచ్చి దోసెడు తౌడు ఇచ్చి కొనుక్కుంది. అప్పటినుంచి ఆయన లెక్కకు పక్కింటి బిడ్డ, అత్తమ్మ ఊరికే పెంచి పెడుతున్న మనిషి. ముందు ఇద్దరినీ తీసుకుపోయిన చెడు చూపు మళ్ళీ వచ్చి వెతికితే, ఈ ఇంట్లో కన్నబిడ్డ లేడని తిరిగి పోవాలి. అందుకే పెంటయ్య అని పేరు, అందుకే అమ్మ అనే పిలుపు లేదు. సూరత్ మిల్లుల్లో ఆ పేరుకు అర్థం ఎవరికీ తెలియదు. అందరూ పింటూభాయ్ అంటారు, ఆయనకూ అదే హాయి.

నేను సూరత్‌లోనే పుట్టి, మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువుకున్నదాన్ని. ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపురాళ్ళు అంటిస్తూ ఇలాంటివన్నీ కథల్లా వినేదాన్ని, నవ్వేదాన్ని కూడా.

ఇప్పుడు కాస్త ఊపిరి తీసుకునే వీలు చిక్కింది కాబట్టి రాస్తున్నాను. ఎక్కడో ఏదో ఆసుపత్రిలో గాజు అద్దం ముందు నాలాంటి తల్లి ఒకతె కూర్చుని ఉంటుంది. ఆమెకు వైద్యం చెప్పే చదువు నాకు లేదు. పక్కన కాసేపు కూర్చోగలను.

పెద్దవాడు పోయిన వానాకాలం

పెద్దవాడికి ఫోన్లో వెతికి వెతికి శ్రీహాన్ అని పేరు పెట్టాను. అత్తమ్మకు నోరు తిరగక "శ్రీయాను" అనేది. బొద్దుగా పుట్టాడు. కొన్నాళ్ళకు నోట్లో తెల్లటి పూత మొదలైంది, ఎంత తుడిచినా పోలేదు. దగ్గు పట్టుకుంది. పాలు తాగుతూనే చిక్కిపోయాడు. ఉధ్నాలో ఒక డాక్టరు, బమ్రోలిలో ఇంకొకరు. ఎక్కడికి వెళ్ళినా అదే ఇనుప బెంచీ, అదే కిరకిరలాడే ఫ్యాను, గోడమీద టీవీలో శబ్దం లేకుండా ఏడుస్తున్న సీరియల్ ఆడవాళ్ళు. వానలు బాగా పడుతున్న రోజుల్లో వాడు పోయాడు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

చివర్లో వాణ్ణి చూసిన డాక్టరమ్మ, వాడు పోయిన తర్వాత మమ్మల్ని పిలిపించి నన్ను ఒక వింత ప్రశ్న అడిగింది. "మీ అమ్మగారికి మగపిల్లలు ఎవరైనా పసితనంలో పోయారా?"

పోయారు. నాకంటే ముందు ఇద్దరు. గాలి సోకి పోయారని మా ఇంట్లో అనేవాళ్ళు, అంతటితో ఆ మాట ఆగిపోయేది. డాక్టరమ్మ నాకు రక్తపరీక్ష చేయించి చెప్పింది: ఒంటికి కాపలా కాసే కణాలు కొందరు పిల్లల్లో తయారే కావు, దానికి కావలసిన జన్యువు చెడిపోయి ఉంటుంది. ఆ లోపం తల్లి నుంచి మగబిడ్డకు దిగుతుంది. తల్లికి మాత్రం ఏమీ కాదు.

నాకు ఏమీ కాలేదు. జలుబు చేస్తే రెండు రోజుల్లో తగ్గిపోతుంది. నా ఆరోగ్యం మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. అత్తమ్మ చీపురు తీసుకుని ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది. తిట్టినా బాగుండేదనుకున్నాను.

మన ఇళ్ళలో ఇలా మగపిల్లలు వరుసగా పోయి ఉంటే, దాన్ని గాలికీ ధూళికీ వదిలేయకండి. బిడ్డ పుట్టకముందే డాక్టరుకు చెప్పండి. పుట్టగానే వేసే టీకా ఇలాంటి బిడ్డకు ప్రాణం మీదికి తేవచ్చు, దానికంటే ముందే చెప్పాలి. ఇది ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను.

బొడ్డు రక్తం

మళ్ళీ కడుపు పండినప్పుడు డాక్టరమ్మ కాగితం మీద బొమ్మలు గీసి చూపించింది. బొడ్డు కోశాక ఆ తాడులో, మాయలో కాస్త రక్తం మిగిలిపోతుంది. ఒంట్లోని అన్ని రకాల రక్తకణాలనూ పుట్టించగల మూలకణాలు అందులో ఉంటాయి. దాన్ని పుట్టిన నిమిషంలోనే పట్టి దాచాలి. బిడ్డకు జబ్బు ఉందని తేలితే, ఆ కణాలను ల్యాబుకు పంపుతారు. చెడు చేసే గుణం తీసేసిన ఒక వైరస్ మీద మంచి జన్యువును ఎక్కించి ఆ కణాల లోపలికి పంపుతారు. బాగుపడిన కణాలను మళ్ళీ బిడ్డ రక్తంలోకే ఎక్కిస్తారు. "ఇంకా పరిశోధనలో ఉన్న వైద్యం. తప్పకుండా నయమవుతుందని మాట ఇవ్వలేను," అంది.

మా ఆయన దాన్ని తన భాషలోకి దింపుకున్నాడు. ఆయన పని మగ్గాల మీద అచ్చు అతకడం. పాత పడుగు అయిపోవస్తే, ఒక్కో పాత పోగు కొసకు ఒక్కో కొత్త పోగు కలిపి మెలిపెడతాడు. బస్సులో నాతో అన్నాడు:

"పాత పోగు ముంగటికి నడుస్తుంటె దాని ఎంబడి కొత్తది లోపలికి పోతది. ఇగ ఎనుక నుంచి అంత కొత్త అచ్చే వస్తది. గిది గట్లనే అనుకో."

తర్వాతిసారి డాక్టరమ్మతోనూ అదే అన్నాడు, హిందీలో. ఆమె నవ్వి, పూర్తిగా అలా కాదని కాసేపు వివరించి, "అతుకు పడిందో లేదో మాత్రం చాలా నెలలకు గానీ తెలియదు," అంది. ఆ చివరి మాట ఒక్కటే మాకు అర్థమైంది.

అత్తమ్మకు చెప్పడం నా వంతు. వైరస్‌ను పురుగు అని చెప్పాను.

"బొడ్డు మనది. ఎండినంక తాయెత్తుల పెట్టి పోరని మొలకు కడ్తం. గీళ్ళు దాని రక్తం ఏడికి కొంచవోతరు?"

"తాడు మనకే ఇస్తరు అత్తమ్మా. అందుల రక్తమే తీస్కుంటరు."

"గా పురుగును పట్టి, కోరలు పీకి, పనికి పెట్టుకుంటరన్నట్టు."

"అంతే."

"కోరలు మళ్ళ మొలుస్తె?"

నేను డాక్టరమ్మను అడగడానికి భయపడిన ప్రశ్న అదే. అడిగాను. అలాంటిది జరగకుండా జాగ్రత్తలున్నాయని, అయినా ఏళ్ళ తరబడి కనిపెట్టి చూస్తారని చెప్పింది.

దీపావళి తర్వాత

దీపావళి సెలవులు అయి మగ్గాలు మళ్ళీ మోగడం మొదలైన రోజుల్లో వాడు పుట్టాడు. మగపిల్లాడే. బొడ్డు రక్తం పట్టారు. టీకా ఆపారు. పరీక్షలో జబ్బు ఉందని తేలింది. ఎడమ చెవి పెద్దవాడిలాగే కాస్త మడతపడి ఉంది. వాడే తిరిగి వచ్చాడేమో అని నేను ఒక పూటంతా నమ్మాను.

వాణ్ణి గాజు గదిలో పెట్టారు. నేను మోచేతులదాకా కడుక్కుని, టోపీ, మాస్కు, గౌను వేసుకుని లోపలికి వెళ్ళాలి. గోళ్ళ సందుల్లో చీరల మెరుపు పొడి మిగిలిపోయిందని నర్సు జసుబెన్ నన్ను మూడుసార్లు వెనక్కి పంపింది. ఆమె గొంతు లేస్తే వరండాలో ఉన్న అందరూ సర్దుకుని కూర్చుంటారు. నా పాలు పిండి, వేడిచేసి, చల్లార్చి సీసాలో ఇచ్చేవారు. బిడ్డకు నా ఒంటి వాసన తెలియదు. నా ముఖమూ తెలియదు, నా కళ్ళు మాత్రమే తెలుసు.

ఒకరోజు అద్దం బయట అత్తమ్మ నన్ను పట్టుకుని నిలబెట్టింది.

"ఇను బిడ్డా. వాడు నా కొడుకు అని నోట రానియ్యకు. పేరు పెట్టకు. అమ్మను అని చెప్పకు. ఎవరి పిలగాడో ఈడున్నడు, నువ్వు జర చూస్కుంటున్నవ్. గంతె."

నాకు ఒళ్ళు మండింది. జబ్బు నా రక్తం నుంచే వచ్చింది కదా, ఇప్పుడు బిడ్డను కూడా నానుంచి తీసేస్తోంది అనుకున్నాను. అయినా ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది. ఏమో, నిజంగానే ఆ చూపు వింటే? లోపల కూర్చుని వాడికి పాటలు పాడాను, కబుర్లు చెప్పాను, చీరల రంగులన్నీ వర్ణించాను. "నాన్నా" అని గానీ "కొడుకా" అని గానీ అనలేదు. ఆసుపత్రివాళ్ళకు వాడు నా పేరు మీద లావణ్య బేబీ. జసుబెన్ వాణ్ణి ముద్దుగా "లాలో" అనేది.

ఆ గదిలో కాలం నడిచేది కాదు. గాలి యంత్రం ఒకే స్వరంతో మోగుతుండేది, నాకు అది దూరంగా మగ్గాల చప్పుడులా వినిపించేది. మధ్యాహ్నాలు కుర్చీలో కునుకు పట్టేది. ఎప్పుడూ ఒకే కల. మా గల్లీలో టెంపోలోంచి చీరలు జారిపడుతూ ఉంటాయి, ఒక్కటీ నేలను తాకదు. పెద్దవాడు వాటి కింద పడుకుని పైకి చూస్తూ ఉంటాడు. నన్ను చూసి గుర్తుపట్టడు, ఏడవడు కూడా. మెలకువ వచ్చేసరికి చిన్నవాడు అలాగే పైకి చూస్తూ ఉండేవాడు.

గాలిపటాల పండుగ

ఉత్తరాయణానికి సూరత్ ఆకాశమంతా గాలిపటాలు. తెగిన పచ్చ గాలిపటం ఒకటి మా కిటికీ బయట పైపుకు చిక్కుకుని రోజంతా కొట్టుకుంటూ ఉండేది. బిడ్డ దానికేసి చూసి కాళ్ళు ఆడించేవాడు. అప్పుడే నాకు జలుబు చేసింది. జసుబెన్ తలుపు దగ్గరే ఆపేసింది. నా బదులు అత్తమ్మను స్నానం చేయించి, గౌను తొడిగి పంపారు. వాణ్ణి ఆమె మొదటిసారి ఎత్తుకోవడం అద్దంలోంచి చూశాను.

రెండు రోజులకు వాడికి జ్వరం వచ్చింది. జసుబెన్ బట్టలు మారుస్తుంటే మేజోడు కింద, చీలమండకు కట్టిన వేలెడు పాతగుడ్డ పీలిక బయటపడింది.

"యే క్యా హై?" అన్న అరుపుకు వరండా మొత్తం లేచి నిలబడింది.

అత్తమ్మ దాచలేదు. ముందు బిడ్డ పోయిన ఇంట్లో పుట్టినవాడికి అయిదిళ్ళ పాతబట్ట అడుక్కొచ్చి తొడగాలి. ఊళ్ళో అయితే తెలిసిన ఇళ్ళు. ఇక్కడ ఆమె డిండోలిలో మరాఠీవాళ్ళ గడపకూ, ఒడియావాళ్ళ గడపకూ వెళ్ళి, భాష రాక సైగలు చేసి, చెయ్యి చాపి అడుక్కుంది. అన్నింటినీ కలిపి పేని ఒక పీలిక చేసింది. ఉడకబెట్టాననీ చెప్పింది. దాన్ని కొప్పులో దాచి లోపలికి తెచ్చింది.

జ్వరం దానివల్లే వచ్చిందో, నా జలుబువల్లో, ఇంకెందువల్లో చెప్పలేమని డాక్టరమ్మ అంది. కానీ కణాలు ఎక్కించడం ఆగిపోయింది. జ్వరం తగ్గితేనే ఆ మాట. తగ్గకపోతే అనే మాట ఆమె అనలేదు.

నేను మాత్రం అన్నాను. "ఒకడు నావల్ల పోయిండు. వీడు నీవల్ల పోవాల్నా అత్తమ్మా?"

ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళలేదు. గేటు దగ్గర కొబ్బరిబొండాల బండి పక్కన కూర్చుంది. మర్నాడూ అక్కడే, ఆ మర్నాడూ అక్కడే. పొద్దున వచ్చి, చీకటి పడ్డాక ఇంటికి వెళ్ళేది. పైకి మాత్రం రాలేదు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, కింద ఒక డబ్బా, పైన ఒక డబ్బా ఇచ్చేవాడు. ఇద్దరి మధ్య నలిగి ఆయన ముఖం వాడిపోయింది. ఒక సాయంత్రం నా పక్కన బెంచీ మీద కూర్చుని, అద్దంకేసి చూస్తూనే చెప్పాడు.

"నేను చిన్నగున్నప్పుడు కట్ట మీదకెల్లి కిందవడ్డ. దెబ్బ బాగ తాకింది. 'అమ్మా' అని మొత్తుకున్న. అక్క ఉరికొచ్చి ముందుగాల నా నోరు మూసింది. దెబ్బ తర్వాత చూసింది. ఎన్కకు పోయి కూసోని ఒక్కతే ఏడ్సింది. గప్పుడు నాకు సమజ్ కాలె."

అత్తమ్మ నన్ను బిడ్డ నుంచి తోసెయ్యలేదు. తనకు తెలిసిన ఒకే ఒక మందు నాకూ ఇచ్చింది, అది ఎంత చేదో తనకు తెలిసి ఉండీ ఇచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. మాస్కు తడిసిపోతే జసుబెన్ కొత్తది ఇచ్చి, ఎందుకని అడిగింది. హిందీలో నాకు వచ్చినంత మేరకు చెప్పాను, పెంటకుప్ప దగ్గర్నుంచి తౌడు దాకా. ఆమె పెదవి విరిచి, సీసాలు సర్దుకుని వెళ్ళిపోయింది.

హోలీ

జ్వరం తగ్గింది. ఎలా తగ్గిందో నాకు తెలియదు, మందులు పనిచేశాయి. హోలీ మంటల బూడిద వీధుల్లో ఇంకా ఉండగానే కణాలు ల్యాబు నుంచి తిరిగి వచ్చాయి. వాడి ఒంట్లో వాటికి చోటు చేయడానికి ముందు కొంచెం మందు ఎక్కించారు. తర్వాత ఆ సంచి తెచ్చారు. అరచేతిలో పట్టేంత ఉంది. అంతదానికోసమా ఇంత ఎదురుచూశాం అనిపించింది.

సంచి తగిలించగానే గదిలో ఉడకబెట్టిన మక్కకంకుల వాసన వచ్చింది. నాకే భ్రమ అనుకున్నాను. కణాలను గడ్డకట్టించేటప్పుడు కలిపే మందుకు అలాంటి వాసన ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ ఊపిరిలోంచి కూడా అదే వాసన. ఎన్నడూ చూడని చేను ఏదో ఆ మూసిన గదిలోకి వచ్చి నిలబడినట్టుంది. నాకు భయం పోయి మత్తుగా, తేలికగా అనిపించింది.

ఆ సమయంలో జసుబెన్ గదిలో లేదు. కిటికీలోంచి కిందికి చూస్తే ఆమె గేటువైపు నడుస్తూ కనిపించింది, చేతిలో స్టీలు డబ్బా. కామ్‌రేజ్ దగ్గర ఆమెవాళ్ళకు గేదెలున్నాయి. అత్తమ్మ ముందు నిలబడి ఏదో అంది. అత్తమ్మ లేచి నిలబడింది. జసుబెన్ డబ్బా మూత తీసి, అందులో ఉన్నదంతా అత్తమ్మ కొంగులోకి వంచింది. అంత ఎత్తు నుంచి చూసినా అది తౌడేనని నాకు తెలిసింది.

ఏం మాట్లాడుకున్నారో మా ఆయన తర్వాత చెప్పాడు. "మేఁ లీధో," అందట జసుబెన్, నేను తీసుకున్నాను అని. "ఆజ్ సే మేరా," ఇవాళ్టి నుంచి నావాడు అని.

"పక్కానా?" అని అత్తమ్మ అడిగిందట.

"పక్కా."

జసుబెన్ పైకి వచ్చి, మోచేతులదాకా చేతులు కడుక్కుని, సంచి ఎంతవరకు దిగిందో చూసుకుంది. నావైపు చూడలేదు.

తాపీ నిండిన నెలలు

ఆ తర్వాత ఎదురుచూపు. ఇందులో చెప్పుకోవడానికి ఏమీ జరగదు, అదే దాని కష్టం. ఎండలు ముదిరాయి. అత్తమ్మ ఇంకా గేటు దగ్గరే కూర్చునేది, పైకి రాలేదు. వాడు బోర్లాపడ్డాడు. వానలు మొదలయ్యాయి, తాపీ నది నిండుగా పారుతోందని వరండాలో అందరూ చెప్పుకునేవారు. వాడు కూర్చోవడం నేర్చాడు. నేను కళ్ళతో నవ్వడం నేర్చుకున్నాను, వాడు ఆ నవ్వుకు జవాబు చెప్పడం నేర్చుకున్నాడు. రక్తపరీక్ష వచ్చిన ప్రతిసారీ మా ఆయన ఒకటే అడిగేవాడు, "అతుకు పడిందా మేడమ్?" "ఇంకా చూడాలి," అనేది డాక్టరమ్మ.

ఒక వాన రోజు ఆ కాగితం పట్టుకుని ఆమే మా బెంచీ దగ్గరికి వచ్చింది. "పింటూభాయ్, పడుతోంది," అంది. కాపలా కణాలు వాడి ఒంట్లో పుట్టడం మొదలైంది. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నేను మెట్లు దిగి పరుగెత్తాను. బండి మీద కప్పిన తార్పాలిన్ కింద అత్తమ్మ తడుస్తూ కూర్చుని ఉంది. పక్కన కూర్చుని చెప్పాను. ఆమె రెండు చేతులూ ఎత్తి నా తల నిమిరింది.

"పైకి రా అత్తమ్మా."

"గామె తిడ్తది."

"ఆమె పిలగాడే గదా. ఆమెనే రమ్మన్నది."

"పీలికలు గిట్ల ఏం లెవ్వు నా దగ్గర. కొప్పు ఇప్పి చూపియ్యాల్నా?" అంటూ లేచింది. ఇద్దరం నవ్వుకుంటూ మెట్లెక్కాం.

ఇల్లు

గల్లీలో ఆడవాళ్ళు బతుకమ్మకు పూలు కొంటున్న రోజుల్లో వాణ్ణి ఇంటికి పంపారు. ఇంకా జాగ్రత్తలున్నాయి, పరీక్షలున్నాయి, కొన్నేళ్ళు ఉంటాయి. గుంపుల్లోకి తీసుకెళ్ళకూడదు. బయల్దేరేటప్పుడు జసుబెన్ వాణ్ణి నా చేతిలో పెట్టి, "మేరా బేటా హై. తేరే పాస్ ఛోడ్ రహీ హూఁ," నా కొడుకే, నీ దగ్గర ఉంచి పోతున్నాను అని వేలు చూపించి మరీ చెప్పింది.

ఇంట్లో చాప మీద కూర్చోబెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, డాక్టరమ్మ ఒప్పుకుంది కదా అని మాస్కు తీసి వాడి ఎదుట కూర్చున్నాను. వాడు నన్ను చూసి భయపడి గుక్కపట్టి ఏడ్చాడు. ముక్కూ నోరూ ఉన్న మనిషిని వాడు అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో తోచక కొంగు తీసి ముక్కుదాకా కప్పుకున్నాను. వెంటనే ఏడుపు ఆపి నా కళ్ళను గుర్తుపట్టాడు. అప్పుడు కొంగును కొంచెం కొంచెంగా కిందికి దించాను. వాడు చెయ్యి చాపి నా ముక్కు పట్టుకున్నాడు, పెదవులు తడిమాడు, నోట్లో వేలు పెట్టి పళ్ళు చూశాడు. వాడు పుట్టి ఏడాది కావస్తుంటే, నా ముఖాన్ని వాడు చూడటం అదే మొదలు.

అత్తమ్మ గడప దగ్గర నిలబడి చూస్తోంది. వచ్చి మా పక్కన చతికిలబడింది.

"ఇగ పిలిపించుకో బిడ్డా."

"చూపు?"

"ఏం జేస్తది చూపు? గా పురుగే కోరలు పీకిచ్చుకోని మనోనికి పని జేసింది. ఇగ నాకెవ్వని భయం లేదు." వాడి గడ్డం పట్టుకుని నావైపు తిప్పింది. "ఎవలురా ఈమె? అమ్మ. అను. అమ్మ."

వాడు ఆమె నోటినే చూస్తున్నాడు.

"అమ్మ. అమ్మ అనురా. అమ్మ."

ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. ఆమె వాడికి నేర్పుతూ నేర్పుతూ పదే పదే అంటోంది. వాడు చివరికి "మ్మ" అని చప్పరించాడు. నేను వాణ్ణి గుండెకు హత్తుకుని "నా కొడుకా" అన్నాను.

డ్యూటీ నుంచి మా ఆయన ఎప్పుడు వచ్చాడో, చెప్పులు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మా ముగ్గురినీ చూశాడు.

"అమ్మా, జర నీళ్ళియ్యి," అన్నాడు.

నన్ను కాదు. అత్తమ్మ తలెత్తలేదు. మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్ళింది. బిందె మూత చప్పుడు వినిపించింది. నీళ్ళు తేవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.